మా నాయనమ్మ పాడని పాట

హామిల్టన్‌లో నేను చదువుకున్న కాలేజీ వెబ్‌సైటులో నా వ్యాసం ఒకటి ఇప్పటికీ ఉంది. పేరున్న ఒక అమెరికన్ కవయిత్రి జీవితం గురించి, ఆమె కవిత్వం మీద పడిన ప్రభావాల గురించి రాసింది. రెండో పేజీలో మా నాయనమ్మ వస్తుంది. మా పల్లెలో, ఇంటి అరుగు మీద కూర్చుని క్రైస్తవ కీర్తనలు పాడుతుంది. ఆ భాగం దగ్గర కళ్లు చెమర్చాయని నాతో చాలామంది చెప్పారు.

మా నాయనమ్మ జగిత్యాల పక్క పల్లెలో బీడీలు చుట్టేది. పాట మాట దేవుడెరుగు, బతుకమ్మ ఆడేటప్పుడు కూడా తన గొంతు బాగుండదని చప్పట్లతో సరిపెట్టేది. చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. ఆ వ్యాసం తీసేయమని ఈమధ్య కాలేజీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను. సంబంధిత విభాగానికి పంపించామని జవాబిచ్చారు. ఆ విభాగం ఇంకా ఆలోచిస్తున్నట్టుంది. నేను ఆ మెయిల్ రాయడానికే రెండేళ్లు ఆలోచించాను కాబట్టి వాళ్లను తప్పు పట్టలేను.

అప్పట్లో నేను ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఇల్లు ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక అక్కది. నరసాపురం వైపు వాళ్లు. అక్కతోపాటు వాళ్ల నాన్నగారు ఉండేవారు. ఆ నరసాపురం వైపే ఒక కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. చర్చిలో అందరూ ఆయన్ను మాస్టారు అనేవారు. నాకు మాత్రం మా వైపు అలవాటు ప్రకారం సార్ అనే వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లీషువాళ్ల ఆరాధన అయిపోయాక, ఒక పాత రాతి చర్చిలో తెలుగువాళ్లు కూడేవారు. నేనూ వాళ్ల కారులో వెళ్లేదాన్ని. నాకు దేవుడి మీద కన్నా ఆరాధన తర్వాత పెట్టే బిర్యానీ మీద భక్తి ఎక్కువ. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసే ముందు సీటు నాకు వదిలి ఆయన వెనక కూర్చునేవారు.

నా అసలు చదువు హెల్త్ అడ్మినిస్ట్రేషన్. దాంట్లో ఒక ఎలెక్టివ్ తీసుకోవాలంటే కవిత్వం తీసుకున్నాను. కవితలు చిన్నవి కదా, తొందరగా అయిపోతాయనుకున్నాను. ఆ తెలివితక్కువతనానికి తగిన శాస్తిగా, ఒక్క కవయిత్రి మీద ఇరవై పేజీల వ్యాసం రాయమన్నారు. ఒకరోజు పైన అక్క పెట్టిన ఉప్మా తింటూ ఆ కవయిత్రి పేరు చెప్పి విసుక్కున్నాను. మాస్టారు చెంచా కింద పెట్టారు. లేచి తన గదిలోకి వెళ్లి, అట్ట మూలలు అరిగిపోయిన ఒక లావుపాటి నోట్‌బుక్కు తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టారు. ఆ కవయిత్రితో ఆయనకు నలభై ఏళ్ల సహవాసమట.

ఆమె జీవితం నేనూ అప్పటికే కొంత చదివాను. ఆమె తల్లి ఒక చిన్న ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేది. ఈ పిల్ల ఆర్గన్ వెనక చీకట్లో కూర్చుని తిత్తి ఊదేది, అంటే చేత్తో పంపు కొట్టి గాలి నింపేది. పెద్దయ్యాక చర్చితో పోట్లాడి, పెద్ద నగరానికి పోయి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తూ రాసింది. పెద్ద పెద్ద బహుమతులొచ్చాయి. పుస్తకాలన్నీ ఆమె మీద నగరం ప్రభావం, ఒక విఫల ప్రేమ ప్రభావం, స్నేహితులైన కవుల ప్రభావం అని రాసుకుంటూ పోయాయి. ఆర్గన్ తిత్తి గురించి ఒక్క వాక్యం. ఆమె కవితల్లో పాదం చివర ఉండకూడని చోట ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ దుఃఖమని కొందరు, నగరంలో ఒంటరితనమని కొందరు పుస్తకాలకు పుస్తకాలు రాశారు.

“దుఃఖం కాదమ్మా, గాలి,” అన్నారు మాస్టారు. “తిత్తి నిండేదాకా ఆగడం అది.”

ఆయనకు అది ఎలా తెలుసంటే, వాళ్ల నాన్న పల్లె చర్చిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. ఆయన వాయించే హార్మోనియం తిత్తి చిరిగిపోయి, ఎంత అతికించినా గాలి కారిపోయేది. పాట చరణం సగానికి వచ్చేసరికి ఊపిరి అయిపోయేది. మళ్లీ గాలి నిండేదాకా సంఘమంతా ఆగాలి. ఆగడం ఇష్టంలేని ముసలమ్మలు చివరి అక్షరాన్ని సాగదీసి ఆ ఖాళీని నింపేవారు. తెల్లదొరలు తెచ్చిన ఆ బాణీలకే తెలుగు మాటలు కట్టి పాడేవారు అక్కడ. ఆ బాణీలే అమెరికాలో ఆ చిన్న పిల్ల తిత్తి ఊదిన బాణీలు. ఎమ్మే చదివే రోజుల్లో ఆమె కవిత మొదటిసారి చూసినప్పుడు మాస్టారికి చదవబుద్ధి కాలేదట, పాడబుద్ధయిందట.

వాళ్ల కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిమీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. మాస్టారు తన నోట్‌బుక్కులో ఆ అమెరికన్ కవితలన్నిటికీ అలాగే రాసుకున్నారు: ఏ బాణీ, ఏ తాళం, ఎక్కడ ఆగాలి. ప్రతి పేజీ అడుగున ‘విన్నవారు’ అని రాసి ఖాళీ వదిలారు. అన్ని పేజీల్లోనూ ఒకే పొడి సంతకం, ఆయనదే. దానికో కథ. ఆయన దీని మీదే పరిశోధన మొదలుపెడితే, పాడి వినిపించాక గైడు అడిగాడట, ఇది ఇంకెవరైనా విన్నారా అని. లేదంటే అన్నాడట, “నీ ఒక్కడికే వినపడేది సాహిత్యం కాదయ్యా, చెవి జబ్బు.” పరిశోధన అక్కడ ఆగిపోయింది. మాస్టారు ఈ మాట చెప్పి, చెవిలో ఉన్న వినికిడి యంత్రం చూపించి, ఆయనన్నది నిజమే అయింది చూడు అని నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఒక కవిత పాడారు. కుడిచెయ్యి టేబుల్ మీద మెట్లు నొక్కుతోంది, ఎడంచెయ్యి గాల్లో తిత్తి వేస్తోంది. పాదం చివర ఆగారు. ఆ ఆగిన చోట నాకు వినపడింది. ఆ ఖాళీలో ఎవరో పాడుతున్నట్టే ఉంది.

“వినపడిందా అమ్మా?” అని అడిగారు. పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

నాలుగింటికి కాఫీ షాపులో నా షిఫ్టు. అవునంటే ఇంకో పది కవితలు పాడతారు, బస్సు పోతుంది. “ఏమో సార్, నాకు సరిగ తెలుస్తలేదు,” అన్నాను. పర్లేదు, అందరికీ వినపడదులే అని ఆయన పెన్ను మూసేసుకున్నారు. బస్సులో కూర్చున్నాక ఫోను తీసి, ఆయన చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా నోట్స్ రాసుకున్నాను. వినపడలేదన్నదాన్ని ఎందుకు రాసుకున్నానంటే, రాసుకున్నాను అంతే. దొంగకు దారి దానంతట అదే కనపడుతుంది.

మొదటి డ్రాఫ్టులో ‘తెలుగు పాఠకులు ఒకరు’ అని రాశాను. ప్రొఫెసర్ పక్కన పెన్సిల్‌తో రాసింది: ఇది ఎవరు విన్నారు? గైడు అడిగిన ప్రశ్నే. ఆమె ఆఫీసుకు వెళ్లాను. ఇది ఎవరైనా విమర్శకుడు రాసిందైతే వివరాలివ్వు, నీ అనుభవమైతే ధైర్యంగా నీదని చెప్పు అంది. మాస్టారి నోట్‌బుక్కు సంగతి ఒక్క లైను రాస్తే సరిపోయేది. అచ్చు కానివాటిని ఎలా చూపించాలో లైబ్రరీవాళ్లు క్లాసుకు వచ్చి చెప్పారు కూడా. కానీ ఆ టర్మంతా ఆ క్లాసులో నా వైపు తలతిప్పి చూసిన మనిషి లేడు. మొదటిసారి ఒకరు కుర్చీ ముందుకు జరుపుకుని నా నోట్లోంచి వచ్చే మాట కోసం చూస్తున్నారు. పై అంతస్తు ముసలాయన అంటే ఆ కుర్చీ వెనక్కి జరుగుతుందనిపించింది.

“మా నాయనమ్మ పాడేది,” అన్నాను ఇంగ్లీషులో.

నాయనమ్మ అనగానే ఇక్కడివాళ్లు మెత్తబడతారు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇంటికొచ్చి అతికించడం మొదలుపెట్టాను. ఉపదేశి హార్మోనియం తీసేసి నాయనమ్మను కూర్చోబెట్టాను. చరణం చివర ఆగడానికి కారణం కావాలి కాబట్టి ఆమెకు ఆయాసం తగిలించాను. నిజంగానే నాయనమ్మకు ఆయాసం ఉండేది, పొగాకు ధూళి వల్ల. దాన్ని కూడా వదల్లేదు నేను.

ఆ వ్యాసాన్ని కాలేజీవాళ్లు సభలో చదివి వినిపించడానికి ఎంపిక చేశారు. ఐదుగురం, శనివారం మధ్యాహ్నం, ఊళ్లో పెద్ద లైబ్రరీలో. అక్క నోటివెంట ఆ కబురు మాస్టారికి చేరింది. నా వ్యాసం ఆయన కవయిత్రి మీదే కాబట్టి ఆయనకు ఒకటే సంబరం, నేను అది చూడలేకపోయాను. ఏ సూటు వేసుకోవాలి, ముందు వరసలో చోటు దొరుకుతుందా అని రోజుకోసారి అడిగేవారు. శుక్రవారం నాడు ఆయనతో, మంచు పడుతదంట సార్, పోస్ట్‌పోన్ చేసిండ్రు అని చెప్పాను. మంచు పడింది, నాలుగు రేకులు. నేను బస్సెక్కి వెళ్లిపోయాను.

నా వంతు వచ్చి మైకు ముందు నిలబడ్డాక తలుపు తెరుచుకుంది. ముందు అక్క, వెనక మాస్టారు. నేవీ బ్లూ కోటు, టై, నెత్తిన మంకీ క్యాపు. లైబ్రరీ పేజీలో చూస్తే కార్యక్రమం ఉందని తెలిసి, పాపం పిల్ల పొరబడినట్టుంది, ఎవరూ రాకపోతే చిన్నబుచ్చుకుంటుందని బయల్దేరదీశానని తర్వాత అక్క చెప్పింది. మాస్టారు నేరుగా ముందు వరసకు వచ్చి కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, వినికిడి యంత్రం సరిచేసుకున్నారు. మొదటి పేజీ అంతా తలాడిస్తూ విన్నారు. పేజీ తిప్పితే నాయనమ్మ. ఆపి, ఈ మాటలు నావి కావు, ఇదిగో వీరివి అనడానికి ఊపిరి తీసుకునేంత సమయం ఉంది. ఊపిరి తీసుకున్నాను. నాయనమ్మ గురించి చదివాను.

చప్పట్లు కొట్టారు. మాస్టారు అందరికన్నా చివర ఆపారు. జనం తగ్గేదాకా ఆగి నా దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను.

“మీ నాయనమ్మ గారిది ఏ ఊరమ్మా?” అన్నారు.

వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. లేదు. “మీరు హిందువులు కదా, ఆవిడకు మన పాటలు ఎలా వచ్చాయి? నాకెప్పుడూ చెప్పలేదేం తల్లీ?”

మెదక్ అవతల ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేదని, అక్కడ నేర్చుకుందని చెప్పాను. అంత చక్కటి అబద్ధం నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. కారులో ఇంటికొస్తూ ఆయన వెనక సీట్లో కూర్చుని ఆ బాణీ సన్నగా తీస్తూనే ఉన్నారు. ముందు సీట్లో నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆయన సంతోషం ఎందుకో ఆ వారంలో అర్థమైంది. ఊరు వేరు, ప్రాంతం వేరు, పాటలు తెచ్చిన మిషనరీలూ వేరు. ఆయన్ను ఎరగని ఒక ముసలావిడ, ఆయన చెప్పకుండానే, అదే చోట ఆగి పాడింది. నలభై ఏళ్లుగా ఆయన వెతికిన రెండో మనిషి. నేను ఆయన ఆలోచన దొంగిలించానని ఆయనకు తట్టనే లేదు. నేను ఆయనకు సాక్షిని తెచ్చిపెట్టానని అనుకున్నారు. ‘విన్నవారు’ అన్న చోట మా నాయనమ్మ ప్రతి పేజీలోనూ ఎక్కింది. ముత్యాల్లాంటి అక్షరాలతో ‘మెదక్ ప్రాంతపు ఒక మాతృమూర్తి, మనవరాలు చెప్పగా’ అని రాసుకున్నారు.

అంతటితో ఆగినా నేను నోరు మూసుకుని బతికేసేదాన్నేమో. ఆయన అన్నం కూడా ఎక్కువ తినడం మొదలుపెట్టారని అక్క మురిసిపోయేది. పొద్దున్నే లేచి, అక్క పాత ల్యాప్‌టాప్ మీద ఒంటి వేలితో వ్యాసం టైపు చేసేవారు. ఒక పత్రికకు పంపుతానన్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడల్లా నాయనమ్మ పేరు, పుట్టిన ఏడు అడిగేవారు. నాన్నను అడిగి చెప్తానని దాటవేసేదాన్ని. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినపడితే లైటార్పి పడుకున్నట్టు నటించేదాన్ని. చెప్పకూడదని నాకు నేనే ఒక ధర్మం కూడా కల్పించుకున్నాను: చెబితే ముసలాయన సంతోషం పోతుంది, కాబట్టి చెప్పకపోవడమే దయ. పిరికితనానికి అంతకన్నా మంచి చీర దొరకదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం తప్పులు చూడమని ప్రింటు తీసిన వ్యాసం తెచ్చి ఇచ్చారు. పైన డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చున్నాం. అక్క డ్యూటీకి వెళ్లింది. వ్యాసం బాగుంది. నాదానికన్నా ఎంతో బాగుంది. చివరి పేజీలో కృతజ్ఞతలు. తండ్రి గారికి ముందు, నాకు ఒక లైను. ఈ వ్యాసంలోని అతి ముఖ్యమైన ఆధారం ఫలానా అమ్మాయి ఉదారంగా ఇచ్చినది, అది లేనిదే ఈ వ్యాసం లేదు అని. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఎక్కడా పొరబాటు లేకుండా రాశారు. నేను ఆయనకు రాయకుండా మింగేసిన ఒక్క లైను ఆయన నాకు రాశారు.

కాగితాలు టేబుల్ మీద పెట్టేశాను. “సార్, మా నాయనమ్మ పాడలేదు,” అన్నాను.

ఆయన వినికిడి యంత్రం సర్దుకున్నారు, సరిగా వినపడలేదేమోనని. మళ్లీ చెప్పాను. మెదక్ లేదని, ఆసుపత్రి లేదని, ఆమె బీడీలు చుట్టేదని, నేను చదివిందంతా ఆయన చెప్పిందేనని, మంచు సంగతి కూడా అబద్ధమేనని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను గానీ ఆ ఏడుపు నాకోసమే. ఆయన నన్ను ఆపలేదు. కోపం తెచ్చుకోలేదు. నేను చెప్పడం అయిపోయాక లేచి గదిలోకి వెళ్లి, నోట్‌బుక్కు, స్కేలు తెచ్చుకున్నారు. పేపర్లు దిద్దే మాస్టారు కదా, చేత్తో గీత గీయరు. మొదటి పేజీ తీసి, నాయనమ్మ లైను మీద స్కేలు పెట్టి నిదానంగా కొట్టేశారు. తర్వాతి పేజీ. ఆ తర్వాతిది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. నోట్‌బుక్కు చాలా లావుగా ఉంది.

చివరి పేజీ అయ్యాక అన్నారు, “అయితే మళ్లీ నేనొక్కణ్ణే అన్నమాట.”

ఇంటిలో హీటర్ ఆగి ఆగి తిరుగుతోంది. నాకు ఒక్కటే మాట మిగిలింది, అది నిజం.

“నాక్కూడ వినపడింది సార్. మొదటి రోజే. మీరు పాడినప్పుడే వినపడింది, నేనే లేదన్న.”

మాస్టారు తలెత్తారు. పెన్ను ఇంకా తెరిచే ఉంది, నోట్‌బుక్కులో కొట్టేసిన గీత కింద ఒక లైను పట్టేంత చోటుంది. తప్పు జవాబు రాసిన మంచి విద్యార్థికి ఒక మార్కయినా వేయడానికి దారి ఉందా అని వెతుకుతున్నట్టు నా ముఖంలోకి చూశారు. తర్వాత ఏమీ రాయకుండానే పెన్నుకు క్యాపు పెట్టేశారు.